నా ఎడమ కాలు తాగిన పెట్రోలు

కారు అమ్మేద్దామని మా ఆయన మొదటిసారి అన్నప్పుడు నేను ఒక చేత్తో ఉప్మా తింటూ రెండో చేత్తో తాళం వెతుక్కుంటున్నాను.

"లీటరుకి పన్నెండు కిలోమీటర్లేటే? ఇది కారు కాదు, ఏనుగు. ఇంటి ముందు ఏనుగుని కట్టుకుని మేపుతన్నాం," అన్నారు.

నాకు కోపం వస్తే ముందు మాట రాదు. వచ్చాక ఆగదు. ఆ పొద్దున్న బడికి టైమైపోతోంది కాబట్టి మొదటి దశలోనే ఇంట్లోంచి బయటపడ్డాను. తలుపు మాత్రం కొంచెం గట్టిగానే వేశాను.

మాది చోడవరం. చీడికాడ దాటాక ఒక ఊళ్ళో ప్రభుత్వ బడిలో నేను లెక్కలు చెబుతాను. మా ఆయనకి మెయిన్ రోడ్డు మీద మందుల షాపు ఉంది. పదకొండేళ్ళు నేను ఆ బడికి షేర్ ఆటోలో వెళ్ళాను. ముగ్గురు కూర్చునే సీట్లో ఐదుగురం, నా ఒళ్ళో ఎవరిదో కూరగాయల సంచి, డ్రైవరుకి అటొకరు ఇటొకరు. అంతమందీ ఎక్కితే తప్ప ఆటో కదలదు. ఆటో నిండేదాకా నా బతుకూ కదిలేది కాదు. ప్రార్థన అయిపోయాక చెమటలు కక్కుకుంటూ గేటు తోసుకుని వచ్చే టీచర్ని పిల్లలు ఎలా చూస్తారో నాకు బాగా తెలుసు. ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని బయట నిలబెట్టేది కూడా నేనే మరి.

కిందటేడు సెకండ్ హ్యాండ్‌లో ఈ చిన్న పెట్రోలు కారు కొన్నాను. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో "నాకిది కావాలి" అని నోరు తెరిచి అడిగి తెచ్చుకున్న మొదటి వస్తువు అదే. పొద్దున్న నా ఇష్టమొచ్చినప్పుడు బయల్దేరి, ప్రార్థనకి ముందే చేరుకుని, నిమ్మళంగా మంచినీళ్ళు తాగి క్లాసుకి వెళ్ళడం ఎంత సుఖమో అప్పుడే తెలిసింది. అమ్మేస్తే మళ్ళీ ఆటో స్టాండే గతి. దారి పొడుగునా నేను ఆలోచించింది అదే.

సాయంత్రానికి కోపం రెండో దశకి వచ్చింది. షాపుకి వెళ్ళి కౌంటరు ముందు నిలబడ్డాను.

"ఎంత ఇస్తే ఉంచుతారో చెప్పండి."

"పదిహేడు," అన్నారు ఆయన, మందుల చీటీ మీంచి తల ఎత్తకుండా. షాపుకొచ్చే ఎవరి కారో అంత ఇస్తోందట. "నెల్రోజులు టైము. పదిహేడు దాటించు, ఉంచుదాం. దాటలేదా, అమ్మేద్దాం. మళ్ళీ మాటాడకూడదు."

"దాటితే మీరు మళ్ళీ మాట్లాడకూడదు."

దగ్గు మందు కోసం వచ్చిన ముసలమ్మ సాక్షిగా ఇద్దరం ఒప్పుకున్నాం.

ముందు నా అనుమానం బంకు మీద పడింది. తప్పు నాదయి ఉండొచ్చన్న ఊహే నాకు రాలేదు. బంకులో ఐదు లీటర్ల కొలత పాత్ర ఉంటుందని, అడిగితే అందులో పోసి చూపించాలని ఎక్కడో విన్నాను. వెళ్ళి అందరి ముందూ గొంతు పెంచి అడిగాను. పెట్రోలు కొట్టే అమ్మాయి పాత్ర తెచ్చి పోసింది. సరిగ్గా గీత దగ్గర ఆగింది. వెనక మోటారు సైకిళ్ళ మీద ఉన్నవాళ్ళంతా మెడలు చాచి చూశారు. "సరిపోయినాదేటండి మేడం?" అని ఒకాయన చాలా మర్యాదగా అడిగాడు. సరిపోయిందని ఒప్పుకుని, టాంకు నిండా పోయించుకుని, కిలోమీటర్ల మీటరు సున్నా చేసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వచ్చేశాను.

ఇక మిగిలింది మేస్త్రీ. మాడుగుల రోడ్డులో ఆయనకి ఒక రేకుల షెడ్డు ఉంది. నలభై ఏళ్ళు ట్రాక్టర్లు బాగుచేసి, ఊళ్ళో కార్లు పెరిగాక కార్లూ చూస్తున్నాడు. కళ్ళజోడుకి ఒక వైపు కాడ లేదు, దారం కట్టుకున్నాడు. కారు తీసుకెళ్ళగానే బానెట్ ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. సంతలో ఎద్దుని కొనేవాడిలా కారు చుట్టూ ఒకసారి తిరిగి, ప్రతి టైరునీ మడమతో నొక్కి చూశాడు.

"టీచరమ్మగోరూ, గాలి కొట్టించి ఎన్నాళ్ళయినాది?"

"కొన్నప్పుడు వాళ్ళే కొట్టి ఉంటారు కదండీ."

"అన్నం ఎప్పుడు తిన్నావురా అంటే మా యన్న పెళ్ళిలో తిన్నానన్నట్టుంది," అన్నాడు. "గాలి తగ్గిన టైరుతో ఎళ్ళడం అంటే ఇసకలో బండి లాగడమే. ఇంజను కష్టపడతాది, పెట్రోలు ఎగస్ట్రా తాగుతాది. వారానికోపాలి, పొద్దున్నే టైర్లు సల్లగ ఉన్నప్పుడు సూపించుకోవాల. ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు కాడే రాసుంటాది, సూడండి."

తలుపు తీసి చూశాను. అక్కడ ఏమీ లేదు, ఎండిపోయిన పసుపు ముద్ద తప్ప. కారు కొన్న రోజున వినాయకుడి గుడి ముందు పూజ చేయించి, బొట్లు పెట్టమంటే చేతికందిన చోటల్లా పెట్టాను. గోటితో గీకితే బొట్టు కింద చిన్న కాగితం, దాని మీద ముందు టైర్లకి ఎంత, వెనక టైర్లకి ఎంత అని అంకెలు బయటపడ్డాయి. లెక్కల టీచర్ని అయ్యుండి ఎనిమిది నెలలు ఆ అంకెల పక్కనే కూర్చుని తిరిగాను.

తర్వాత బానెట్ ఎత్తాడు. నల్లటి డబ్బా ఒకటి క్లిప్పులు ఊడదీసి తెరిచి, అందులోంచి మడతలు మడతలుగా ఉన్న కాగితం దిమ్మ తీసి నేల మీద తట్టాడు. ఎర్రమట్టి, ఎండిన చెరుకాకు తునకలు, ఒక చచ్చిన మిడత రాలాయి. ఇంజను గాలి పీల్చుకునే జల్లెడ అదేనట. ముక్కు మూసి పరిగెత్తమంటే ఎవరు మాత్రం పరిగెడతారన్నాడు. ఆయిల్ చూసే కడ్డీ లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసి, రెండు గుర్తుల మధ్యన తడి ఉండాలని చూపించాడు. బండి చదునుగా ఉన్న చోట ఆపి, కాసేపు ఆగాక చూడాలట. నేను అన్నిటికీ తలూపాను. మా ఆరో తరగతి పిల్లలు తలూపినట్టే ఊపానేమో, ఒకసారి కడ్డీ నా చేతికిచ్చి మళ్ళీ చేయించాడు.

డిక్కీ తెరిచాక మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు.

"ఇది కారేనా, కళ్ళమా?"

తప్పు నాది కాదు, మా నాన్నది. రోలుగుంట పక్క పల్లెలో మా నాన్న ఇప్పటికీ చెరుకు, వరి తనే దగ్గరుండి చూసుకుంటాడు. నేను వెళ్ళినప్పుడల్లా డిక్కీ నింపి గాని పంపడు. సగం బస్తా కొబ్బరికాయలు, ఒక బెల్లం దిమ్మ, బియ్యం మూట, ఎత్తులో ఆపితే టైరు కింద పెట్టుకోమని రెండు ఇటుకలు. ఇవి కాక బడిలో ఆటల పోటీలకని తెచ్చిన లావుపాటి తాడు, ఇనుప గుండు నావే. ఇవన్నీ నేను రోజూ చీడికాడ తీసుకెళ్ళి తీసుకొస్తున్నాను. ఒక మనిషిని ఊరికే ఎక్కించుకుని తిరుగుతున్నట్టే అన్నాడు మేస్త్రీ. ఆ మనిషి ఎక్కి ఉంటే కనీసం కబుర్లన్నా చెప్పేవాడు.

అంతా అయ్యాక, "ఒకపాలి మీరు నడపండి, పక్కన కూసుంటాను," అన్నాడు.

ఇది నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. నేను పధ్నాలుగో ఏట ట్రాక్టరు నడిపినదాన్ని. మా ఊళ్ళో ఆడపిల్ల ట్రాక్టరెక్కడం అదే మొదలు. సరే చూడనీ అని ఎక్కించుకుని, మాడుగుల వైపు దర్జాగా పోనిచ్చాను. అర కిలోమీటరు కూడా వెళ్ళలేదు.

"టీచరమ్మా, మీ ఎడం కాలు ఎక్కడున్నాది?"

"ఎక్కడుంటుంది, క్లచ్ మీద."

"ఎందుకున్నాది?"

"ఎందుకేమిటండీ, క్లచ్ తొక్కడానికి."

"గేరు మార్సినప్పుడు తొక్కాల. ఇప్పుడు మార్సడం లేదు కదేటి. మీ కాలి బరువుకి క్లచ్చి సగం నొక్కుకుని ఉన్నాది. ఇంజను తిరిగినంత సెక్రం తిరగడం లేదు. మధ్యలో అరిగిపోతన్నాది. మీకు నడపడం ఎవరు నేర్పేరు?"

"మా నాన్న," అన్నాను.

"ఆయన తప్పు నేర్పేరు."

కారు పక్కకి తీసి ఆపాను. "దిగండి," అన్నాను. పెద్దాయన తలుపు తీసుకుని దిగాడు. నేను వెళ్ళిపోయాను. మా నాన్న గురించి ఎవరేమన్నా నాకు రెండు దశలుండవు, ఒకేసారి వస్తుంది.

ఓ రెండు మూడు కరెంటు స్తంభాలు దాటాక అప్రయత్నంగా కిందకి చూశాను. ఎడమ కాలు క్లచ్ మీదే ఉంది. తీసి పక్కన పెట్టాను. నాలుగు క్షణాల్లో నాకు తెలియకుండానే మళ్ళీ అక్కడికే వెళ్ళి కూర్చుంది. మళ్ళీ తీశాను, మళ్ళీ వెళ్ళింది. అప్పుడు నాకు సిగ్గేసింది. కారు వెనక్కి తిప్పాను.

మేస్త్రీ దిగిన చోటే ఉన్నాడు. దారిన పోతున్న ట్రాలీ లోంచి ఒక చెరుకుగడ లాక్కుని, మైలురాయి మీద కూర్చుని నములుతున్నాడు.

"వస్తారని తెలుసు. అందుకే నడవలేదు," అన్నాడు. నాకూ ఒక ముక్క విరిచి ఇచ్చాడు.

చెరుకు నముల్తూ ఆయనకి అసలు సంగతి చెప్పాను. తోటలో చెరుకు కొట్టి కుప్పలు వేస్తారు. ట్రాలీకి ఎత్తేటప్పుడు ట్రాక్టరు కుప్ప నుంచి కుప్పకి జరుగుతూ ఉండాలి. నాలుగడుగులు వెళ్ళి ఆగాలి, మళ్ళీ నాలుగడుగులు. ట్రాలీ మీద మనుషులు నిలబడి మోపులు అందుకుంటూ ఉంటారు, ఒక్క కుదుపు ఇచ్చినా కింద పడతారు. అందుకని మా నాన్న నన్ను సీటెక్కించి మొదట చెప్పిన మాట, "ఏం జరిగినా ఎడం కాలు క్లచ్చి మీంచి తియ్యకే గుంటా," అని. ఆ మాట నా తలలో కంటే కాల్లో ఎక్కువ ఉండిపోయింది.

మేస్త్రీ అంతా విని పిప్పి ఉమ్మేశాడు. "అయితే మీ నాన్నగోరు తప్పు నేర్పలేదు. నాదే తప్పు. తోటలో అదే రైటు. కాకపోతే మీరు తోటలోంచి రోడ్డెక్కీసేరు, మీ కాలు ఇంకా ఎక్కలేదు."

ఆయనే ఉపాయం కూడా చెప్పాడు. బండి నడిపేటప్పుడు ఎడమ కాలి చెప్పు విప్పేయమన్నాడు. ఉత్త పాదానికి క్లచ్ రబ్బరు గరుగ్గా తగిలితే కాలు అక్కడికి వెళ్ళినట్టు తెలుస్తుందని. వారం రోజులు ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా నడిపాను. బడి దగ్గర దిగేటప్పుడు రెండో చెప్పు వేసుకోవడం మరిచిపోయి ఒకరోజు ప్రార్థనలో అలాగే నిలబడ్డాను. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను.

ఆ నెల నేను డ్రైవింగు మళ్ళీ అఆల నుంచి దిద్దుకున్నాను. గేరు సంగతి మేస్త్రీ చెప్పినట్టే చేశాను: ఇంజను అరిస్తే పై గేరుకి, గొణిగితే కింద గేరుకి. అంతకు ముందు నేను మూడో గేరులోనే అరిపించుకుంటూ వెళ్ళేదాన్ని, అదే వేగమనుకుని. ఐదో గేరు వేసి యాభై దగ్గర నిలకడగా పోనిస్తే కారులో రేడియో పాట కూడా వినిపిస్తుందని అప్పుడే తెలిసింది. చూపు బానెట్ మీంచి తీసి దూరంగా పెట్టడం నేర్చుకున్నాను. ముందు ట్రాలీ పోతోందంటే దాని తోక దాకా దూసుకెళ్ళి బ్రేకు తొక్కడం కాకుండా, అల్లంత దూరంలోనే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తే కారు తనంతట తనే నెమ్మదిస్తుంది. బ్రేకు తొక్కిన ప్రతిసారీ అప్పటిదాకా కాల్చిన పెట్రోలుని నేలపాలు చేసినట్టే అన్నాడు మేస్త్రీ. ఫ్యాక్టరీకి పోయే చెరుకు బళ్ళు రోడ్డు పొడుగునా నిలిచిపోతే, ఇంజను ఆపేసి పిల్లల నోటుబుక్కులు దిద్దుకున్నాను.

ఒకరోజు బడి నుంచి వచ్చాక షెడ్డు దగ్గర ఆగితే మేస్త్రీ నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టి చూడమన్నాడు, తగిలించకుండా. మూడు గోరువెచ్చగా ఉన్నాయి, వెనక ఎడమది సెగలు కక్కుతోంది. హ్యాండ్ బ్రేకు తీసినా అక్కడ మాత్రం పూర్తిగా వదలడం లేదట. ఎనిమిది నెలలుగా ఒక చక్రాన్ని పట్టుకుని లాక్కుంటూ తిరుగుతున్నానన్నమాట. పది నిమిషాల్లో సర్ది ఇచ్చాడు. అప్పటి నుంచి ఇంటికి రాగానే గేటు ముందు వంగి, నాలుగు చక్రాలకీ హారతి పట్టినట్టు చెయ్యి చూపించడం నాకు అలవాటైంది. పక్కింటివాళ్ళు ఏదో కొత్త మొక్కు అనుకున్నారు.

అన్నిటికంటే కష్టమైంది మా నాన్నని ఒప్పించడం. ఆదివారం వెళ్ళి, క్లచ్ సంగతి చెప్పాను. ఆయన పెద్దగా నవ్వాడు.

"నేను నేర్పింది చెరుకెత్తడానికమ్మా. రోడ్డు మీద కూడా అలగే తొక్కుతావని నాకేటి తెలుసు? నీకు బుర్రున్నాదనుకున్నాను."

అంతవరకు బాగానే ఉంది. బయల్దేరే ముందు కొబ్బరికాయల బస్తా భుజాన వేసుకుని డిక్కీ వైపు వచ్చాడు. వద్దన్నాను. బరువు తగ్గించాలని, పెట్రోలని, పదిహేడని అంతా వివరించాను. విన్నాడు, బస్తా మాత్రం దించలేదు.

"కూతుర్ని ఖాళీ డిక్కీతో పంపిస్తే ఊరేటనుకుంటాది?"

"ఊరికి డిక్కీలో ఏముందో ఎలా తెలుస్తుంది నాన్నా?"

"నాకు తెలుస్తాది కదా," అన్నాడు. ముఖం చిన్నబుచ్చుకున్నాడు. చివరికి ఒక్క బెల్లం దిమ్మకి రాజీ పడ్డాం. అదీ డిక్కీలో కాదు, నా పక్క సీట్లో. దారిలో దొర్లిపోతుందని దానికి సీటు బెల్టు తనే పెట్టాడు. పల్లె దాటాక వచ్చే దిగుడులో న్యూట్రల్ చేసి వదిలెయ్యమని, డీజిలు ఆదా అని మామూలుగా చెప్పే మాట కూడా చెప్పాడు. అలా వదిలితే బండి మన చేతిలో ఉండదని, గేరులోనే ఉంచి కాలు తీసేస్తే ఈ కాలపు ఇంజన్లకి అప్పుడు పెట్రోలు అసలు అందదని చెప్పాను. "ఎవడు సెప్పేడు?" అన్నాడు. మేస్త్రీ అన్నాను. "అయితే నిజమే అయ్యుంటాది," అన్నాడు. నా మాట మీద మాత్రం నమ్మకం లేదు.

నెలాఖరుకి అదే బంకు, అదే పంపు, అదే అమ్మాయి. "పాత్ర తెమ్మంటారేటి మేడం?" అని అడిగింది. వద్దులే అన్నాను. టాంకు నిండాక తనంతట ఆగేదాకా పోయించి, తిరిగిన కిలోమీటర్లని, మధ్యలో పోయించినవీ కలిపి పట్టిన లీటర్లతో భాగించాను. నమ్మకం లేక రెండుసార్లు భాగించాను. పద్దెనిమిదికి కొంచెం పైనే ఉంది. నాకు బంకులోనే గెంతాలనిపించింది.

నేరుగా షాపుకి వెళ్ళాను. మోకాలికి కట్టు కట్టుకున్న ఒకతను దూది పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. నేను కాగితం కౌంటరు మీద పెట్టాను.

మా ఆయన చూశారు. సంతోషం కాదు కదా, కోపం కూడా లేదు. కాగితం నెమ్మదిగా మడిచి నా వైపు తోశారు.

"బాగుంది. అయినా అమ్మేద్దామే."

అప్పుడు నేను ఎంత గట్టిగా మాట్లాడానో నాకు గుర్తులేదు గాని, ఎదురుగా పళ్ళ బండివాడు అమ్మడం ఆపేశాడట. మాట తప్పారన్నాను. నా కాలు నేను మార్చుకున్నాను, మా నాన్న మనసు కష్టపెట్టాను, ఒక చెప్పుతో ప్రార్థనలో నిలబడ్డాను, ఇన్నీ చేస్తే ఇదా అన్నాను. ఆయన అంతా విని షట్టరు సగానికి దించారు.

"పెట్రోలు కోసం కాదే," అన్నారు. "చెరుకు సీజను మొదలైన కాడ్నించి రోజూ దెబ్బలతో వస్తన్నారు, సూడు, ఇప్పుడెళ్ళినోడు కూడా. ట్రాలీ గుద్దీసినాదని ఒకడు, ట్రాలీని తప్పించబోయి కాలవలో పడిపోయేనని ఒకడు. ఎక్కడరా అంటే సగం మంది చీడికాడ రోడ్డంతారు. సాయంత్రం నువ్వొచ్చే టైము దాటితే నాకు సేతులు ఆడవు. మొన్న జొరం బిళ్ళలకి బదులు కడుపునొప్పి బిళ్ళలు తీసిచ్చేను. ఆయనే సూసుకుని ఎనక్కిచ్చేడు కాబట్టి సరిపోయినాది. భయమేస్తందంటే నువ్వు ఊరుకోవు. లెక్కల దానివి కదా, లెక్క సూపిస్తే ఒప్పుకుంటావనుకున్నాను."

"ఆటోలో అయితే భయం లేదా మీకు?"

"ఆటోలో పదిమంది ఉంటారు కదా."

అదేం లెక్కో నాకు అర్థం కాలేదు. నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. ఈయన నెలరోజులుగా ఏనుగు, ఏనుగు అని నన్ను సాధించింది ఇందుకా అని కోపం కూడా వచ్చింది, కాని అది నిలబడలేదు. నా మీద ఇంత బెంగ పెట్టుకున్న మనిషికి పద్దెనిమిది అంకె చూపించి గెలవలేనని తెలిసింది. గెలవకపోతే సోమవారం నుంచి ఆటో స్టాండు.

"రేపు ఆదివారం నా కారెక్కండి," అన్నాను. "చీడికాడ మీదుగా మాడుగుల వెళ్ళి హల్వా తినొద్దాం. ఇంటికొచ్చాక కూడా అమ్మేద్దామంటే అమ్మేద్దాం. ఇంక నిజంగానే మాట్లాడను."

అప్పటిదాకా ఆయన నా కారులో పూజ రోజున గుడి నుంచి ఇంటి దాకా కూర్చున్నారు, అంతే. అదీ కళ్ళు మూసుకుని. దేవుడి మీద భక్తి అనుకున్నాను అప్పుడు. ఆదివారం మధ్యాహ్నం షాపు కట్టేసి వచ్చి, బెల్టు పెట్టుకుని, అది సరిగా పడిందో లేదో మూడుసార్లు లాగి చూసుకున్నారు. తలుపు పైన ఉండే పిడి పట్టుకున్నారు. వెళ్ళేటప్పుడు దారంతా ఆ పిడి వదల్లేదు. ఎదురుగా ట్రాలీ కనిపించినప్పుడల్లా కుడికాలితో కింద మ్యాటుని తొక్కేశారు, అక్కడేదో బ్రేకు ఉన్నట్టు.

"ట్రాలీ... ట్రాలీ..."

"చూశానండీ."

"ఎడం కాలు ఖాళీగా పెట్టేవేటి? క్లచ్చి మీద పెట్టొద్దా?"

నవ్వు ఆపుకున్నాను. యాక్సిలరేటరు మీంచి కాలు దూరంలోనే తీసేశాను, కారు నెమ్మదించింది. చెరుకు గడలు తోకలా ఈడ్చుకుంటూ పోతున్న ట్రాలీ వెనక నాలుగు బళ్ళ దూరంలో ఉండిపోయాను. రోడ్డు చివరిదాకా ఖాళీగా కనబడే వరకు దాన్ని దాటలేదు. మాడుగులలో దుకాణం ముందు నిలబడి వేడి వేడి హల్వా తిన్నాం.  తీర్పేమిటని నేను అడగలేదు.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఒక చోట చెరుకు బళ్ళు బారుగా ఆగిపోతే ఇంజను ఆపేశాను. పావుగంట పట్టింది. కదిలాక ఒకటి, రెండు, మూడు, ఒక్కో గేరూ కుదుపు లేకుండా వేసుకుంటూ ఐదోదాకా తెచ్చి నిలకడగా పోనిచ్చాను. ఎదురుగా రెండు ట్రాలీలు వచ్చి వెళ్ళాయి. పక్కనుంచి మాట లేదు, మ్యాటు తొక్కిన చప్పుడూ లేదు. తీర్పు ఇప్పుడే చెబుతారేమో అనుకున్నాను. ఓరగా చూశాను.

పిడి పట్టుకున్న చెయ్యి ఒళ్ళోకి జారిపోయింది. తల అద్దానికి ఆనించి, నోరు తెరుచుకుని, మా ఆయన నిద్రపోతున్నారు. బస్సులో కునుకు తియ్యని మనిషి. రైల్లో పై బెర్తు మీద కూడా రాత్రంతా కూర్చునే మనిషి. నా పక్కన, ఆ రోడ్డు మీద, చెరుకు సీజనులో ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నారు.

నా ఇరవై రెండేళ్ళ కాపురంలో అంత గర్వపడ్డ రోజు లేదు. గోతులన్నీ ముందుగానే చూసుకుని తప్పించాను. హారను కొట్టలేదు. చోడవరం వచ్చింది, మా వీధి వచ్చింది, ఇల్లు వచ్చింది. ఆపితే మేలుకుంటారు. ఇంటి ముందు నెమ్మదించాను గాని ఆపలేదు. వీధి చివర అనకాపల్లి రోడ్డు వైపు తిప్పి, మళ్ళీ ఐదో గేరు వేసి, ఎక్కడా ఏ పనీ లేకుండా ఇంకో అరగంట పెట్రోలు కాల్చాను.